గర్భాశయ ముఖపు క్యాన్సరు: స్త్రీలెల్లరు తెలిసికొనవలసిన సంగతులు



గర్భాశయ సంబంధమైన వ్యాధులను గూర్చి పత్రికలో వ్రాయుట తగునా యని కొందరు సందేహింపవచ్చును. తలనొప్పి వచ్చినచో నలుగురిలో చెప్పుకొందుము. పంటిపోటు వచ్చినచో పొరుగింటి యమ్మను మందడుగుదుము. బహిష్టు క్రమము తప్పినను, తెల్లబట్ట దుర్వాసన గొట్టినను మాత్రము తల్లితోనైన చెప్పక, భర్తతోనైన చెప్పక, పండ్లు బిగబట్టి యోర్చుకొందుము. మన యీ యోర్పే ఈ వ్యాసమున చెప్పబోవు వ్యాధికి పెట్టని కోట.

2022వ సంవత్సరపు అంచనాలనుబట్టి మన దేశమున ఆ యొక్క యేట సుమారు 1,27,000 మంది స్త్రీలకు గర్భాశయ ముఖమున క్యాన్సరు, అనగా మన పెద్దలు రాచపుండు అనెడి వ్యాధి, క్రొత్తగా కనబడెను. సుమారు 80,000 మంది దీనిచే మరణించిరి. లెక్కించి చూడుడు: గంటకు తొమ్మిది ప్రాణములు! మీరీ వ్యాసమును చదివి ముగించునంతలో ఇద్దరు తల్లులు బిడ్డలను విడిచి పోవుదురన్నమాట. ప్రపంచమంతట ఆ యేట ఈ వ్యాధిచే చనిపోయిన 3,50,000 మందిలో నూటికి తొంబదినలుగురు మనవంటి బీద, మధ్యతరగతి దేశములవారే. సంపన్న దేశములలో ఈ వ్యాధి నానాటికి తగ్గిపోవుచున్నది. క్యాన్సరులలో కారణము స్పష్టముగా తెలిసినదియు, టీకా కలదియు, ముందుగానే కనిపెట్టి మొలకలోనే త్రుంపదగినదియు నిదియే. అట్టిదానిచే ఇందరు చనిపోవుట దైవికము కాదు. మన యజాగ్రత్త ఫలము.

ఒకే భవనము - ఇద్దరు స్త్రీలు

హైదరాబాదునకు పడమట మాదాపురము, కొండాపురము, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ లొకప్పుడు రాతిగుట్టల నడుమ చిన్న పల్లెలు. 1998వ సంవత్సరమున సైబర్ టవర్స్ భవనము తెరువబడిన తరువాత ఆ ప్రదేశమునకు హైటెక్ సిటీ యను పేరు వచ్చినది. గుట్టలు పోయి గాజుమేడలు లేచినవి. ఆ మేడలలో వేలకొలది తెలుగు యువతులు కంప్యూటరుల ముందు కూర్చుండి దేశదేశాంతరముల పనులు చక్కబెట్టుచున్నారు.

అట్టి మేడ నొకదానిని మనస్సున భావింపుడు. పదియవ అంతస్తున ముప్పదియైదేండ్ల ఇంజనీరు కలదు. ఏటేట కంపెనీవారు చేయించు ఆరోగ్యపరీక్షలలో రక్తము, చక్కెర, కొవ్వు చూపించుకొనును. గర్భాశయ పరీక్ష యనగానే, "నాకేమి బాధ లేదు గదా, వచ్చే యేడు చూతము" అనును. అదే అంతస్తున తెల్లవారకముందే వచ్చి నేల తుడుచునామె శ్రీకాకుళమునుండియో, పాలమూరునుండియో పొట్ట చేతబట్టుకొని వచ్చినది. ఆమె యట్టి పరీక్ష యొకటి కలదని విననేలేదు. ఒకామెకు తీరిక లేదు, రెండవయామెకు తెలియదు. వ్యాధికి ఇద్దరును ఒక్కటే.

ఇది నా ఊహ మాత్రము కాదు. 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ముప్పది మొదలు నలువదితొమ్మిదేండ్ల వయస్సుగల భారత స్త్రీలలో ఒక్కసారియైనను ఈ పరీక్ష చేయించుకొన్నవారు నూటికి 1.9 మంది. నూటికి ఇద్దరైనను లేరు! చదువురాని వారే కాదు, చదువుకొన్న వారిలోను అత్యధికులు ఈ పరీక్ష యెరుగరని దీనివలన తేలుచున్నది.

వ్యాధి కారణము

గర్భాశయము తలక్రిందులుగా నుంచిన చిన్న సొరబుర్రవలె నుండును. దాని సన్నని మెడ క్రిందికి యోనిలోనికి తెరచికొనియుండును. ఈ మెడనే గర్భాశయ ముఖమందురు. అచ్చటి పలుచని పొరయందు పుట్టునదే మనము చెప్పుకొను క్యాన్సరు.

దీనికి మూలము హ్యూమన్ పాపిలోమా అను వైరస్. దీనినే క్లుప్తముగా హెచ్.పి.వి. అందురు. ఇందు రెండు వందలకు పైగా జాతులు కలవు. చేతులమీద పులిపిరులు లేపునవి కొన్ని. ప్రమాదకరములైనవి సుమారు పదునాలుగు. వానిలో 16, 18 అను సంఖ్యలుగల రెండు జాతులే నూటికి డెబ్బది గర్భాశయ ముఖపు క్యాన్సరులకు కారణములు. ఈ రహస్యమును 1983-84 సంవత్సరములలో బయటపెట్టిన జర్మను వైద్యశాస్త్రజ్ఞుడు హెరాల్డ్ జుర్ హౌసెన్. ఆయనకు 2008వ సంవత్సరమున నోబెల్ బహుమాన మొసగిరి.

ఇచ్చట నొక దీనురాలి పేరు తలచుట ధర్మము. 1951లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున హెన్రియెట్టా లాక్స్ అను నల్లజాతి యిల్లాలు, అయిదుగురు బిడ్డల తల్లి, ముప్పదియొక్క యేండ్లకే ఈ వ్యాధిచే మరణించెను. ఆమె నడుగకయే వైద్యులు ఆమె కణితినుండి తీసిన కణములు ప్రయోగశాలలలో నేటికిని పెరుగుచున్నవి. లోకమునకు అవి చేసిన మేలు లెక్కింపరానిది. ఆ కణములలో పదునెనిమిదవ జాతి వైరస్ ఉన్నదని పిదప తేలినది. అడుగక తీసికొనుట యను మాటను జ్ఞాపకముంచుకొనుడు, మరల దానితో పని కలదు.

ఈ వైరస్ దాంపత్య సంపర్కమువలన వ్యాపించును. ఇంతమాత్రముచేత రోగిని శంకించుట మహాపాపము. సంసారజీవనము చేయు స్త్రీపురుషులలో అత్యధికులకు ఎప్పుడో యొకప్పుడు ఇది సోకుచునే యుండును. ఏ లక్షణమును చూపదు గనుక ఎవరివలన ఎన్నడు వచ్చినదో తెలిసికొనుటయు సాధ్యము కాదు. ఏకపతీవ్రత యైన యిల్లాలికిని రావచ్చును. ఒక కంచమున తినుటవలనను, బట్టలు కలిపి యుతుకుటవలనను ఈ క్యాన్సరు అంటుకొనదు. పూర్వజన్మపాపము అంతకన్నను కాదు.

సోకినవారిలో నూటికి తొంబదిమందికి శరీరబలమే ఒకటి రెండేండ్లలో దానిని తరిమివేయును. కొందరిలో మాత్రము అది కాపురముండును. అట్లు పాతుకొన్నది క్యాన్సరుగా మారుటకు సామాన్యముగా పదునైదు, ఇరువది యేండ్లు పట్టును. ఈ దీర్ఘకాలమే దైవము మనకిచ్చిన గడువు. హెచ్.ఐ.వి. వలన శరీరబలము తగ్గిన స్త్రీలకు ముప్పు ఆరు రెట్లు అధికము, గడువును తక్కువ. పొగాకు, చిన్నతనపు కాపురము, పెక్కు కాన్పులు వైరస్‌నకు తోడ్పడును. ఉత్తరాంధ్రమున కొందరు స్త్రీలు చుట్ట నిప్పును నోటిలోనికి త్రిప్పి అడ్డపొగ త్రాగుదురు. ఆ యలవాటు అంగిట క్యాన్సరు పుట్టించునని ప్రసిద్ధమే. పొగాకు చెరుపు అంగిటితోనే ఆగదని వారికి చెప్పువారు కావలెను.

లక్షణములు

తొలిదశలో ఏ లక్షణమును కనబడదు. ముదిరిన పిదప బహిష్టునకు బహిష్టునకు నడుమ రక్తము కనబడుట, దాంపత్యానంతరము రక్తము కనబడుట, ముట్లుడిగిన తరువాత మరల కనబడుట, దుర్వాసనగల తెల్లబట్ట, తెంపులేని నడుమునొప్పి, కాళ్లవాపు కలుగును. వీనిలో నేదియు క్యాన్సరే యని భయపడనక్కరలేదు. సామాన్య కారణములవలనను కలుగవచ్చును. కాని ముట్లుడిగిన స్త్రీకి ఒక్క చుక్క రక్తము కనబడినను అదే వారమున వైద్యురాలికి చూపించుకొనవలెను. "వయసు మీరినప్పుడు వేడిచేసియుండును" అని పెద్దమ్మలు చెప్పుమాట వినరాదు.

పరీక్షలు

గ్రీసు దేశమున పుట్టి న్యూయార్కున స్థిరపడిన జార్జి పాపనికొలౌ అను వైద్యుడు గర్భాశయ ముఖమునుండి రాలు కణములను సూక్ష్మదర్శినిలో చూచి క్యాన్సరును ముందే గుర్తింపవచ్చునని కనిపెట్టెను. ఆ పరిశోధనకై ఆయన భార్య ఆండ్రోమెకీ సంవత్సరముల తరబడి తన శరీరమునుండి నమూనాలిచ్చెను. 1943లో వెలువడిన ఆయన గ్రంథము పిదప పాప్ పరీక్ష లోకమంతట వ్యాపించి, సంపన్న దేశములలో లక్షల ప్రాణములు నిలిపెను. అందు భర్త పేరు నిలిచెను, భార్య త్యాగమును మనమైన తలచుకొందము.

అయిన నా పరీక్షకు ప్రయోగశాల, నిపుణులు, మాటిమాటికి ఆసుపత్రికి పోగల తీరిక కావలెను. మన పల్లెలకు అవి యెక్కడివి? అందుచే మన దేశపు వైద్యులు సులభమార్గమును పరీక్షించిరి. ఊరగాయలలో వేయు వెనిగరు వంటి పలుచని ద్రావకమును గర్భాశయ ముఖమునకు పూసి ఒక నిమిషము చూచినచో, చెడిన భాగము తెల్లబారును. ముంబయి మురికివాడలలో పదియవ తరగతి చదివిన స్త్రీలకు నాలుగు వారములు శిక్షణమిచ్చి ఈ పరీక్ష చేయింపగా, అచ్చట ఈ వ్యాధి మరణములు నూటికి ముప్పదియొకటి తగ్గినవి. ఇది 2013లో లోకమునకు వెల్లడియైనది.

ఇంతకన్న నిశితమైనది హెచ్.పి.వి. పరీక్ష. నిజాము కాలమున హైదరాబాదు రాజ్యములోనిదై, ఇప్పుడు మహారాష్ట్రమున నున్న ఉస్మానాబాదు జిల్లా పల్లెలలో సుమారు 1,30,000 మంది స్త్రీలను ఎనిమిదేండ్లు గమనించి 2009లో ఫలితములు ప్రకటించిరి. జీవితమున ఒక్కసారి ఈ పరీక్ష జరిగిన గ్రామములలో మరణములు దాదాపు సగమునకు తగ్గినవి. ఈ పరీక్షకు కావలసిన నమూనాను స్త్రీ తనంతట తానే మరుగున తీసి యియ్యవచ్చును గనుక సిగ్గునకు చోటులేదు.

ముప్పదియేండ్లు నిండిన ప్రతి స్త్రీయు, బాధ యున్నను లేకున్నను, పరీక్ష చేయించుకొనవలెను. వెనిగరు పరీక్షయైనచో అయిదేండ్ల కొకసారి చేయవలెనని మన ప్రభుత్వము 2016లో నిర్ణయించినది. హెచ్.పి.వి. పరీక్షయైనచో అయిదు మొదలు పదియేండ్ల కొకసారి చాలును. పట్టునది పది నిమిషములు. నొప్పి స్వల్పము.

టీకా - ఖమ్మము నేర్పిన పాఠము

ఈ వైరస్‌ను అడ్డగించు టీకా 2006 నుండి లోకమున కలదు. అది మన తెలుగునాటికి వచ్చిన విధము చెప్పక తప్పదు.

2009వ సంవత్సరమున పాత్ అను అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కలిసి ఖమ్మము జిల్లాలో భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములందు పది మొదలు పదునాలుగేండ్ల బాలికలు సుమారు 14,000 మందికి టీకాలు వేయించిరి. వారిలో పెక్కురు ఆశ్రమ పాఠశాలల వసతిగృహములలోని గిరిజన బాలికలు. మరికొన్ని నెలలకు వారిలో అయిదుగురు బాలికలు చనిపోయిరని వార్త వచ్చినది. దేశమంతట అలజడి రేగెను. 2010 ఏప్రిలులో కేంద్రప్రభుత్వము ఆ కార్యమును నిలిపివేసెను. విచారణ సంఘము ఆ మరణములకు పాముకాటు, పురుగులమందు, నీట మునుగుట, జ్వరము వంటి యితర కారణములను చూపి, టీకా కారణమని తోచలేదని చెప్పెను. కాని మరియొక తప్పు నది దాచలేదు. పెక్కుమంది బాలికల విషయమున తల్లిదండ్రుల సమ్మతికి మారుగా వసతిగృహపు వార్డెనులు, ప్రధానోపాధ్యాయులు సంతకములు చేసిరి. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘము దీనిని తీవ్రముగా ఖండించెను.

టీకా మంచిదే కావచ్చును. కాని తల్లి నడుగక బిడ్డ చేతికి సూది గ్రుచ్చుట మంచిది కాదు. గిరిజనురాలైనంత మాత్రమున, అక్షరము రానంత మాత్రమున ఆమె తల్లి కాకపోవునా? హెన్రియెట్టా లాక్స్ నడుగని తప్పే యిచ్చటను జరిగెను. దాని ఫలము ఆ బాలికలతో ఆగలేదు. ఏండ్ల తరబడి తల్లులు టీకా పేరు విన్నంతనే వెనుకాడిరి. ఆ జంకువలన టీకా పొందక పోయిన బాలికలలో ఎందరికి ముందు ముందు ఈ వ్యాధి రానున్నదో ఎవరు చెప్పగలరు?

ఆ నిలుపుదలవలననే అనుకొనని మేలొకటి కలిగెను. అదే కాలమున దేశమున తొమ్మిది కేంద్రములలో, అందొకటి హైదరాబాదు ప్రక్క మేడ్చలులో, మూడు మోతాదులకు బదులు రెండు చాలునా యని వేరొక పరిశోధన జరుగుచుండెను. అందు చేరిన సుమారు 17,700 మంది బాలికలకు టీకాలు వేయుట 2010లో నడుమ నాగిపోగా, సుమారు 5,000 మందికి ఒక్క మోతాదే ముట్టెను. పరిశోధకులు వారిని విడిచిపెట్టక పదియేండ్లు గమనించిరి. 2021లో వెలువడిన ఫలిత మేమనగా, 16, 18 జాతుల వైరస్ పాతుకొనకుండ కాపాడుటలో ఒక్క మోతాదును, రెండు మూడు మోతాదులును దాదాపు సమానమే! దీనిని, ఇట్టి యితర ఫలితములను బట్టి 2022లో ప్రపంచ ఆరోగ్యసంస్థ బాలికలకు ఒక్క మోతాదును చాలునని యంగీకరించెను. బీదదేశముల ఖర్చు ఒక్కసారిగా తగ్గెను. మన బాలికలు తెలియకయే లోకమునకు చేసిన యుపకార మిది.

టీకాకు తగిన వయస్సు తొమ్మిది మొదలు పదునాలుగేండ్లు. వైరస్ సోకకముందే వేయవలెను గనుక వివాహమునకు పూర్వమే కావలెను. 2022లో అనుమతి పొంది 2023లో విడుదలయైన సెర్వావ్యాక్ అను టీకాను పూనా నగరమున మనవారే తయారుచేయుచున్నారు. సిక్కిము రాష్ట్రమున 2018లోనే బాలికలలో నూటికి తొంబదియైదుగురికి పైగా టీకా వేయించిరి. స్కాట్లండున పండ్రెండు, పదుమూడేండ్ల ప్రాయమున టీకా పొందిన యువతులలో ఒక్కరికైనను ఈ క్యాన్సరు కనబడలేదని 2024లో ప్రకటించిరి. టీకావలన సంతానము కలుగదను మాట వట్టి పుకారు. టీకా పొందినవారును ముప్పదియేండ్లు దాటిన పిదప పరీక్ష మానరాదు. ఏలన, టీకా అన్ని జాతుల వైరస్‌ను అడ్డగింపదు.

చికిత్స

పరీక్షలో దోషము కనబడిన మాత్రమున క్యాన్సరు వచ్చినదని యేడువరాదు. క్యాన్సరునకు ముందటి దశయైనచో, ఆ చోటును అతిశీతముచేతనో, వేడిచేతనో కాల్చివేయుదురు. లేదా విద్యుత్తీగతో ఆ చిన్న ముక్కను తీసివేయుదురు. ఆ దినముననే ఇంటికి పోవచ్చును. సామాన్యముగా గర్భసంచి తీయనక్కరలేదు.

గర్భసంచి మాట వచ్చినది గనుక మన తెలుగునాటి విపరీతము నొకదానిని చెప్పెదను. పైన చెప్పిన సర్వేలోనే 15-49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమంతట నూటికి ముగ్గురుకాగా, ఆంధ్రప్రదేశమున, తెలంగాణమున నూటికి ఎనిమిది తొమ్మిదిమంది యున్నారు! తెల్లబట్ట యని పోయిన యాడుదానిని "తీయించకున్న క్యాన్సరగును" అని బెదరించి, అప్పు చేయించి, ముప్పదియేండ్లకే శస్త్రము చేయువారు లేకపోలేదు. పరీక్ష చేయరు, భయము మాత్రము పెట్టుదురు. ఎవరైన అట్లు చెప్పినచో, "ఏ పరీక్షలో తేలినదండీ? కాగితము చూపుడు" అని యడుగుడు. మరియొక వైద్యురాలి యభిప్రాయము పొందక కత్తికి ఒడలప్పగింపకుడు.

నిజముగా క్యాన్సరే యైనను తొలిదశలో శస్త్రచికిత్సచే అధిక సంఖ్యాకులు స్వస్థత పొందుదురు. వ్యాపించినచో కిరణచికిత్సయు, దానితోపాటు వారమువారము సిస్‌ప్లాటిన్ అను మందును ఇత్తురు. గర్భాశయ ముఖము చెంతనే కిరణమూలమును ఉంచు పద్ధతి దీనికి మిక్కిలి ముఖ్యము. మధ్యలో మానినచో ఫలము చెడును. హైదరాబాదు రెడ్‌హిల్స్‌లో మెహదీ నవాజ్ జంగ్ పేర వెలసిన ప్రభుత్వ క్యాన్సరు ఆసుపత్రి 1955 నుండి బీదలకు దిక్కైయున్నది. నందమూరి తారకరామారావుగారి భార్య క్యాన్సరుతో మరణింపగా ఆమె పేర బంజారాహిల్స్‌లో బసవతారకం ఆసుపత్రి 2000లో తెరువబడెను. ఆరోగ్యశ్రీ పథకమున క్యాన్సరు చికిత్స చేరియున్నది గనుక డబ్బు లేదని చికిత్స మానుకొనరాదు.

మనము చేయదగినది

2020లో ప్రపంచ ఆరోగ్యసంస్థ 2030 నాటికి చేరవలసిన మూడు లక్ష్యములు చెప్పెను: బాలికలలో నూటికి తొంబదిమందికి టీకా, స్త్రీలలో నూటికి డెబ్బదిమందికి ముప్పదియైదేండ్ల లోపున ఒకసారి, నలువదియైదేండ్ల లోపున మరియొకసారి పరీక్ష, వ్యాధి కనబడినవారిలో నూటికి తొంబదిమందికి చికిత్స. ప్రభుత్వములు చేయవలసినవి చేయుగాక. తెలంగాణమున 2023 మార్చి 8వ తేదీన ఆరోగ్య మహిళ పేర మంగళవారపు స్త్రీల వైద్యశాలలు ఆరంభించిరి. మీ చెంత ఏ దినమున ఏ పరీక్ష చేయుదురో, ఏ వయస్సు బాలికలకు టీకా యిచ్చుచున్నారో ఆశా కార్యకర్తను గాని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున గాని అడిగి తెలిసికొనుడు.

గృహిణులుగా మన చేతిలో నున్నవి మూడు కలవు. మొదటిది, మీకు ముప్పదియేండ్లు నిండినవా? పండుగకు చీర కొనుటకు పోవు దినముననైన ఆసుపత్రికి పోయి రండు. రెండవది, ఇంట పదేండ్ల బాలిక కలదా? టీకాను గూర్చి వైద్యురాలిని సందేహము లన్నియు తీరునట్లు అడిగి, బిడ్డకును దాని సంగతి చెప్పి, మీ మనస్సుతో సమ్మతింపుడు. మూడవది మిగుల ముఖ్యము. మీ యింట అంట్లు తోము నామెకు, వంట చేయు నామెకు, మీ కార్యాలయమున నేల తుడుచు నామెకు ఈ సంగతి చెప్పుడు. చెప్పుటతో సరిపెట్టక, పరీక్షకు పోవు పూట జీతము కోయక సెలవిండు. ఒంటరిగా పోవ వెరచినచో వెంట పొండు. ఆమెకు పరీక్ష లేకపోవుటకు కారణము అజ్ఞానము సగము, ఒక పూట కూలి పోవునను భయము సగము. ఆ రెండవ సగమును తీర్చుట ఇంటి యజమానురాలి చేతిలోనిదే.

మన తల్లులకు ఈ గడువు సంగతి తెలియదు. మనకు తెలిసినది. తెలిసియు ఊరకుండుటకన్న దోషము వేరొకటి లేదు.